ఎడమ చెంప

"ఎడమ దిక్కు చీకట్ల పెట్టు భాయ్, కనబడద్దు," అన్నాడు రాయమల్లు, స్టూలు మీద కూర్చుంటూ.

ఫొటో స్టూడియో నడిపే మక్సూద్ అతని చెంప చూశాడు. బొగ్గు గనిలో పేలుడుమందు పేలినప్పుడు బొగ్గు పలుకులు అందులో దిగాయి. గాయం మానింది. నీలి మచ్చలు చర్మం కింద ఉండిపోయాయి. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అతని భార్య సారక్కకు, మొగుడి ముఖం సగం పోయిందని ఎవరో చెప్పారు. ఆ బాలింత అన్నం ముట్టడం లేదు. దవాఖానలోనే సెలవులన్నీ అయిపోయి రాయమల్లు ఆమె దగ్గరికి వెళ్లలేడు. అందుకే ఆమె తమ్ముడు పోశం గోదావరిఖని వచ్చాడు.

"నేను చెప్తె నమ్మది. ఫొటో తెమ్మన్నది. పొద్దున బస్సుకు పోవాలె," అన్నాడు పోశం.

మక్సూద్ పెద్ద దీపాన్ని కుడిపక్కన నిలబెట్టి వెలిగించాడు. రాయమల్లు తల వంచాడు. ఎత్తమంటే ఎత్తాడు, మళ్లీ వంచాడు.

"ఏంది బావా, పెండ్లిపీటల మీద గూడ గింత సిగ్గుపడలే నువ్వు!"

"సిగ్గు కాదురా. బొగ్గు బాయి లోపల మా టోపీలకు లైట్లుంటయ్. ఎదుటోని లైటు కండ్లల్ల పడితే తల వంచుడే. మెడకు అలవాటైపోయింది."

తల లేచిన క్షణం చూసి మక్సూద్ ఫొటో తీశాడు. కడిగి తెచ్చేసరికి సాయంత్రమైంది. కళ్లు సగం మూసుకుపోయాయి. ఎడమ చెంప వెనకున్న నల్లతెరలో కలిసిపోయింది.

"బావా, సగం పోయిందన్నరు. గీ ఫొటోల నిజంగనే సగం లేదు!" అన్నాడు పోశం.

రాయమల్లు స్టూలు మీంచి లేవబోయాడు.

"కూసో అన్నా. దాస్తె లేదనుకుంటరు. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం," అన్నాడు మక్సూద్.

లోపలికి వెళ్లి తెల్లదుప్పటి అడిగాడు. మసి అంటితే నువ్వే ఉతకాలని ఉర్దూలో చెప్పి మరీ ఇచ్చింది అతని భార్య ఫక్రున్నీసా. దాన్ని రాయమల్లుకు ఎడమపక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కట్టాడు. పెద్ద దీపాన్ని ముఖం మీంచి తిప్పి కుడివైపు తెల్లటి సున్నపు గోడకేసి పెట్టాడు. గోడ మీద పడ్డ వెలుగు ముఖానికి వచ్చింది. దుప్పటి ఆ వెలుగును ఎడమ చెంపకు అందించింది. వెనక కింద ఒక చిన్న దీపం పెట్టాడు. జుట్టు, భుజాలు నల్లతెర నుంచి విడిపడి కనిపించాయి.

"లైటేది భాయ్?" రాయమల్లు అటూ ఇటూ చూశాడు. మెడ వంగలేదు.

"బావా, బిడ్డకు ఏం పేరు పెడదామంటవ్?" అన్నాడు పోశం.

రాయమల్లు నవ్వబోయాడు. మక్సూద్ మీట నొక్కాడు.

ఈసారి ఫొటోలో మచ్చలు కనబడ్డాయి. కన్ను కనబడింది. చెంప చెంపలాగే ఉంది. దవాఖాన నుంచి వచ్చాక రాయమల్లు అద్దం చూసుకోలేదు. ఫొటోను దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గింతేనా?" అన్నాడు.

ఫొటో పొద్దుటి బస్సులో వెళ్లింది.

నెల తిరిగాక సారక్క బిడ్డనెత్తుకుని మొగుడితో స్టూడియోకు వచ్చింది.

"ఫొటోల మచ్చలు చూసిన, వాటికేం ఫికర్ లేదు. కండ్లే లోపలికి పోయినయ్. సరిగ్గ తింటలేడు, అందుకే పుట్టింట్ల ఆగక జల్ది వచ్చిన," అంది మక్సూద్‌తో.

వెళ్లి, ఫొటోకు కూర్చున్న రాయమల్లుకు ఎడమపక్కన కూర్చుంది. మక్సూద్ దుప్పటి కోసం లోపలికి నడిచాడు.