ఫలితం చెప్పకండి

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఓవెన్లోంచి తూర్తియేర్ తీస్తుంటే ఆడపడుచు గిలేన్ పరుగున వచ్చి సొలాంజ్ చేతిలోంచి ఆ మాంసం రొట్టె పళ్ళెం అందుకుంది.

"నువ్వు కూర్చో వదినా, నేను వడ్డిస్తాను."

నిండు కడుపుతో ఉన్నప్పుడు కూడా ఈ ఇంట్లో సొలాంజ్ చేతిలోంచి చెంచా అందుకున్నవాళ్ళు లేరు. "మా కోడలికి దేవుడు నాలుగు చేతులివ్వాల్సింది" అని అత్తగారు చుట్టాల ముందు మురిసిపోయేది. ఆ మురిపెంతోనే ఇంటిల్లిపాదీ అంట్లు తోమించుకున్నారు. ఇవాళ భర్త రేజాన్ లేచి కుర్చీ జరిపాడు. అత్తగారేమో ఆమె వేళ్ళకేసి అదేపనిగా చూస్తోంది, వణుకుతున్నాయేమోనని. వీళ్ళకేదో తెలిసిపోయిందని సొలాంజ్‌కి అర్థమైంది. ఆమె కన్నతల్లి అలాగే పోయింది. ముందు చేతులు వణికాయి, తర్వాత మనిషే మారిపోయింది. ఆ జబ్బు తల్లికుంటే పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మందు లేదు. తాముండే ఈ సగ్నే ప్రాంతంలో ఏ గడప తొక్కినా ఏదో వరసన చుట్టమే కాబట్టి, పరిశోధనకి రక్తం కావాలని ఆస్పత్రివాళ్ళడిగితే ఎవరూ కాదనరు. సొలాంజ్ ఇచ్చింది, కూతురు మాయెల్ ఇచ్చింది. ఫలితం మాకు మాత్రం చెప్పకండని ఇద్దరూ గట్టిగా చెప్పి వచ్చారు. ఉన్నన్నాళ్ళూ తెలియకుండానే హాయిగా బతుకుదామనుకున్నారు. గిలేన్ ఉద్యోగం ఆ ఆస్పత్రిలోనే.

"నా ఫైలు తెరిచావా గిలేన్?"

గిలేన్ తల దించుకుంది. "అన్నయ్యే చూడమన్నాడు వదినా."

"పరాయివాళ్ళు చూశారా ఏంటి?" అన్నాడు రేజాన్. "రేపు నువ్వు మంచాన పడితే చాకిరీ చెయ్యాల్సింది నేనే. నాకు తెలియక్కర్లేదా?"

చాకిరీ అన్న మాట అతని నోట వినడం ఆమెకి అదే మొదలు.

"మీ అమ్మ సంగతి తెలిసీ నిన్ను గడపలోకి రానిచ్చాను చూడు, నన్ననాలి," అంది అత్తగారు.

"రేపు పొద్దున్నే ఫిర్యాదు చేస్తాను గిలేన్. నీ ఉద్యోగం పోతే పోనీ."

"ఇంటి ఆడపిల్ల నోటికాడి కూడు లాగేస్తావుటే?" అని అత్తగారు అరిచింది.

బయట మంచులో కారు ఆగిన చప్పుడైంది. షికూటిమి పట్నం నుంచి మాయెల్ భోజనానికి వచ్చింది. అత్తగారు గబుక్కున గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"అయ్యో, పసిది," అంది, ఎవరూ అడక్కుండానే.

ఆ ఒక్క ముక్కతో, గిలేన్ పిల్ల ఫైలు కూడా తెరిచిందని, పిల్లకీ అమ్మమ్మ జబ్బు రాసిపెట్టి ఉందని సొలాంజ్‌కి తెలిసిపోయింది. గిలేన్ జుట్టు పట్టుకుని ఈడ్చాలన్నంత కోపమొచ్చింది. కానీ ఈ మొహాలు చూస్తే పిల్ల కూడా ఇట్టే కనిపెట్టేస్తుంది. కోటు తగిలించుకుని బయటికొచ్చి, తన వెనకే తలుపు మూసేసింది.

"ఏంటమ్మా, లోపలికి రానివ్వవా? ఆకలి దంచేస్తోంది!"

"వంట మాడిపోయిందే. బయట తిందాం పద," అని సొలాంజ్ నవ్వింది. కడుపు మండిపోతున్నా నవ్వుతూ వడ్డించడం ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే నేర్చుకుంది కదా, పిల్లకి ఏ అనుమానమూ రాలేదు.