నాంచారయ్య బండి చప్పుడు

నేను ఒక డీజిల్ ఇంజన్‌ని. కారుది కాదు, అంత గొప్పలు నాకు లేవు. బందరు రోడ్ల మీద తిరిగిన ఆటోది. ఎక్కడో ఉత్తరాదిన ఫ్యాక్టరీలో బోల్టులు బిగించి మొదటిసారి మోగించినప్పుడు, నన్ను చేసిన ఇంజనీరే మొహం చిట్లించి చెవులు మూసుకున్నాడు. పుట్టుకతో వచ్చిన గొంతు, నేనేం చేయను?

మొదట నన్ను కొన్నది గుడివాడలో ఒక పాల వ్యాపారి. తెల్లారకుండానే వీధంతా లేపుతున్నానని ఇరుగుపొరుగు తగువుకొస్తే వదిలించుకున్నాడు. అలా బందరు నాంచారయ్య చేతికి వచ్చాను. పాలాయనకు తలనొప్పి తెచ్చిన గొంతే ఇతనికి అన్నం పెట్టింది.

నాంచారయ్య బేరమంతా చేపలమ్ముకునే ఆడవాళ్ళతో. సముద్రపు ఒడ్డున వాళ్ళ పల్లె. ఇళ్ళేమో రోడ్డుకు దూరం. పొద్దున్నే నేను ఉప్పు మడుల మలుపు తిరిగి డుబుడుబుమనగానే లంకమ్మ గంప నెత్తికెత్తుకునేది, వెనకే మిగతావాళ్ళు. ఎండెక్కక ముందే బందరు బజారు చేరకపోతే చేప మెత్తబడిపోతుంది మరి. గంపల నీళ్ళు కారి నా ఒళ్ళంతా నీచు వాసన. అయినా ఆ రోజులే రోజులు. నా రొదలో వినబడాలని అందరూ కేకలేసి కబుర్లాడేవారు కనుక, ఏ ఇంటి గుట్టూ నాకు దాగలేదు.

ఇంతలో డీజిలు బళ్ళకు రోజులు చెల్లాయన్నారు. ఉన్నవాళ్ళు కొందరు పెట్రోలూ కరెంటూ రెండూ వాడే హైబ్రిడ్ కార్లు కొన్నారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం మనుషులకు కొత్తేం కాదులెండి. నాంచారయ్య మాత్రం డీజిలు పోసి పోసి విసిగి, ఏకంగా కరెంటు ఆటో తెచ్చుకున్నాడు. నన్ను పాత ఆటోలోంచి ఊడదీసి సుభానీ పాత ఇనుము కొట్లో దించి, నా మీద చెయ్యేసి కాసేపు నిలబడి వెళ్ళాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

నాలుగు రోజులకే మొహం వేలాడేసుకుని మళ్ళీ వచ్చాడు.

"ఏందన్నా, కొత్త బండి బాలేదా?" అన్నాడు సుభానీ.

"బండి బంగారమే. చప్పుడే లేదు. నేనెప్పుడొచ్చానో ఎప్పుడెళ్ళానో పల్లెలో ఒక్కళ్ళకీ తెలవట్లా. నిన్న లంకమ్మ గంపెడు చేప ఇంట్లోనే పాడైపోయింది. రేపట్నుంచి వేరే ఆటో మాట్లాడుకుంటాం అంటన్నారు."

"హారన్ కొట్టకపోయావా?"

"రొయ్యల లారీలు రోజంతా కొట్టేది అదేగా. నాదని ఎవరికి తెలుసుద్దీ?"

అంటూనే నా వైపు చూశాడు. వెళ్ళి సీసాలో డీజిలు తెచ్చాడు. తాడు చుట్టి లాగాడు. నేను దగ్గానంతే. "ఒక్కసారి మోగమ్మా. నా బేరం పోద్ది," అని మళ్ళీ లాగాడు. నల్లగా పొగ కక్కి, నాకున్న గొంతంతా తెచ్చుకుని మోగాను. డీజిలు అయిపోయేదాకా అతను సెల్‌ఫోను నా దగ్గరే పట్టుకున్నాడు. వీధుల్లో ఉప్పు అమ్మేవాళ్ళు తమ కేకను మైకులో పెట్టుకుని తిరగరూ? అలా తన కరెంటు బండికి నా చప్పుడు పెట్టుకుంటాడట.

పొద్దు వాలిపోయిందని సుభానీ నన్ను పగలగొట్టే పని మర్నాటికి వాయిదా వేశాడు.

మర్నాడు పొద్దున్నే సుత్తి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడే రోడ్డు మీంచి డుబుడుబుమని వినిపించింది. పల్లె దాటినా నాంచారయ్య మైకు ఆపలేదు. బండి నిండా గంపలు, ముందు లంకమ్మ. కొట్టు ముందునుంచే బజారు వైపు సాగిపోయారు. నేలమీద పడున్నానన్న సంగతి మరిచిపోయి, నేనూ బయలుదేరబోయాను.