నాలుగో నూలుండ జాగ

మట్టెవాడలోని ఆ ఇంట్లో తెల్లారేది మగ్గం చప్పుడుతోనే. జీవన్ జంపఖానా నేస్తుంటే తల్లి రాములవ్వ రాట్నం మీద నూలు చుట్టేది. భార్య భవాని పొయ్యి మీద చాయ పెట్టి, పక్కనే కెమిస్ట్రీ పుస్తకం తెరిచేది. డిగ్రీలో ఆ ఒక్క పేపరు రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం. పాసైతే హన్మకొండలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు.

మగ్గానికి పైన, ఏ ఆధారమూ లేకుండా, నూలుండలు గాల్లో ఉండేవి. ఇంట్లో మనిషికొకటి చుట్టి, అన్నింటినీ ఒకే ముడికి కట్టడం ఆ ఇంటి ఆచారం. రాములవ్వ, భర్త పెద్దులు కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఉన్నవి రెండే. ముడికి అటొకటి, ఇటొకటి, తిన్నని గీతలా నిలిచాయి. జీవన్ పుట్టాక మూడూ ఒకే మట్టాన మూడు మూలలకు జరిగాయి. భవాని వచ్చాక పెద్దులు ఉండ పైకెక్కింది. మిగతా మూడూ ముక్కాలిపీట కాళ్లలా కిందికి వంగాయి. ఒకదానికొకటి పడవు, ముడి మాత్రం వదలవు.

పెద్దులు పోయిన రోజున ఆయన ఉండ కనిపించకుండా పోయింది. అయినా మూడూ మళ్లీ పైకి లేవలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగాయి.

పరీక్షకు ముందురోజు జీవన్ స్టూలెక్కి, తండ్రి ఉండ ఉండే ఖాళీలో ట్యూబ్‌లైట్ వేలాడదీశాడు. అది పక్కకు జరిగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జరిగింది.

"మీ నాయిన జాగల పెడితె ఎట్లుంటదిరా?" అంది రాములవ్వ, రాట్నం ఆపకుండానే.

"నాయిన ఏడున్నడవ్వా? జాగ ఖాళీగనే ఉంది గద."

"కనవడకుంటె లేనట్టేనా? ఉన్నప్పటికంటె ఇప్పుడే ఎక్కువ జాగ వట్టిండు. మనల ఎట్ల దగ్గరికి నూకిండో సూడు."

భవాని చేతిలో గంటె ఆగింది.

"అత్తమ్మా, రెండుసార్లు నేనిదే తప్పు రాసిన. అమ్మోనియా ఉంటది గద, దాంట్ల నడుమ నైట్రోజన్, దానికి మూడు హైడ్రోజన్లు. మూడే గద అని సాపుగ గీసిన. ఎవ్వలికీ అంటుకోని ఎలక్ట్రాన్ల జంట ఇంకోటుంటది. అది మిగతావాటిని నూకుతది. దాన్ని లెక్కవెట్టలే."

"అంటే మామను మర్సినవన్నట్టు."

"పరీక్షల మా నాయిన పేరు రాసేవు, జర పైలం," అన్నాడు జీవన్ స్టూలు మీంచే.

మర్నాడు పరీక్షలో అమ్మోనియా రాలేదు. నీళ్లు వచ్చాయి. నీటి అణువు ఆకారం గీసి, కారణం రాయాలి. నడుమ ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. రెండే కదా అని భవాని తిన్నగా గీయబోయింది. పెన్ను పక్కకు జరిగింది. మళ్లీ గీసింది. మళ్లీ జరిగింది.

ఆమె పెన్ను కింద పెట్టి, కనబడనివాటిని లెక్కపెట్టింది. ఇక్కడ ఒకటి కాదు, రెండు జంటలు. వాటికి పైన జాగ వదిలి, హైడ్రోజన్లను కిందికి వంచి గీసింది. ఈసారి పెన్ను కదలలేదు.

భవాని ల్యాబ్‌కు ఆటో ఎక్కిన మొదటిరోజు, జీవన్ ట్యూబ్‌లైట్‌ను పక్కగోడకు బిగించి స్విచ్ వేశాడు. ఎదుటి గోడ మీద నూలుండల నీడలు పడ్డాయి. రాములవ్వ తలెత్తి లెక్కపెట్టింది. నాలుగు.

మళ్లీ రాట్నం తిప్పింది.