పియానో కడుపులో ఉన్ని

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బీరన్న మాత్రం ముప్పై ఏళ్లుగా అడక్కుండా పస్తులే ఉన్నాడు. కూతురు కరుణ చేసే పనేమిటో తెలుసుకోవాలన్నది ఆయన ఆకలి. మక్తల్ పక్క పల్లెలో గొర్రెలు కాసే కురుమల ఇంట పుట్టిన పిల్ల పాలమూరు హాస్టల్లో ఎస్తేరు టీచరమ్మ దగ్గర పియానో నేర్చింది. దేశదేశాల్లో కచేరీలు చేసింది, చెన్నైలో సంగీతం ప్రొఫెసరైంది. ఎవరైనా అడిగితే "పెట్టె వాయిస్తది" అని బీరన్న మీసం దువ్వేవాడు. ఆ పెట్టెలోంచి చప్పుడు ఎలా వస్తుందో మాత్రం ఆయనకు అంతుబట్టేది కాదు.

ఇప్పుడా పెట్టె మక్తల్‌కే వచ్చింది. కరుణ ఏడాది సెలవు పెట్టి, పత్తి వ్యాపారుల పాత గోదాంలో పిల్లలకు పియానో బడి తెరుస్తానని కూర్చుంది. రేపు సాయంత్రం కచేరీ. వ్యాపారులు విని సరేనంటే గోదాం బడికి ఇస్తారు. కాదంటే ఆమె మళ్లీ చెన్నై రైలెక్కాల్సిందే. బిడ్డ దగ్గరుంటుందని ఆశపడ్డ బీరన్నకు రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే పియానో రేకు డబ్బాలా మోగుతోంది. ఆ పాత పియానోను అమ్మినవాడు బాగుచేశానంటూ లోపల ఏదో మందు పూశాడు. మరమ్మతు చేసే మనిషి వారం దాకా రాలేనన్నాడు. కరుణ మీటలు నొక్కి, మొహం చిట్లించి, చివరికి ముందు పలక ఊడదీసింది.

గడప దగ్గర నిలబడ్డ బీరన్న ఇక ఆగలేకపోయాడు. వచ్చి లోపలికి తొంగిచూశాడు. తీగల ముందు బారుగా చిన్న చిన్న సుత్తెలు. ఒక్కో సుత్తె తలకు మందంగా, తెల్లగా ఏదో చుట్టి ఉంది. మీట నొక్కితే సుత్తె లేచి తీగను కొట్టి వెనక్కి పడుతోంది. ఓరి నీ, ఇంతేనా! ఆయన చెయ్యి దానంతటదే లోపలికి పోయింది.

"బాపూ, ముట్టకు!" అని అరిచింది కరుణ.

బీరన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొహం చిన్నబోయింది. కానీ వేళ్లకు తెలియాల్సింది తెలిసిపోయింది.

"బిడ్డా, గిది ఉన్ని గద?"

"ఊ, గొర్రె ఉన్నే. ఒత్తి గట్టిగ చేస్తరు."

"గట్టిగ గాదు, రాయి చేసిండ్రు. గొంగడికి చింతగింజల గంజి పెట్టినట్టు పెట్టిండ్రు. గంజి ఎక్కువైతే గొంగడి గూడ చెక్క లెక్కైతది. సూదితోని పొడిస్తే ఉన్ని విడుస్తది."

కరుణ తండ్రి వంక తేరిపార చూసింది. మరమ్మతు చేసేవాళ్లు సూదులతో పొడవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. తను మాత్రం ఎప్పుడూ ఆ పని ముట్టలేదు. పాడైతే రేపు కచేరీయే ఉండదు. కాసేపు గోళ్లు కొరుక్కుని, ఎడమ చివరి సుత్తె చూపించింది. రేపటి కచేరీలో ఆ మీటతో పని లేదు.

"దీని మీద చూడు బాపూ. ఒక్కటే."

బీరన్న సంచిలోంచి గొంగడి కుట్టే సూది తీశాడు. "తీగకు తాకే కాడ పొడవొద్దు, పోగు లేస్తది" అని తనలో తాను గొణుక్కుంటూ రెండు పక్కలా మెల్లగా గుచ్చాడు. వేలితో ఒత్తి చూసి మళ్లీ గుచ్చాడు. కరుణ మీట నొక్కింది.

రేకు చప్పుడు పోయింది. నిండైన స్వరం ఒకటి మెత్తగా గోదాం అంతా పరుచుకుంది. తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకోటి" అంది కరుణ. పొద్దుగూకేదాకా అదే మాట. ఎనభై ఎనిమిది సుత్తెలు మరి! విద్యార్థులను గడగడలాడించే ప్రొఫెసరమ్మ ప్రతిసారీ "గిది సాలునా బాపూ?" అని అడగడం, బీరన్న దర్జాగా "ఇంక జర" అనడం.

మర్నాడు కచేరీ అయింది. వ్యాపారులు అక్కడికక్కడే గోదాం తాళంచెవి కరుణ చేతిలో పెట్టారు. జనం వెళ్లిపోయాక ఆమె వచ్చి తండ్రి పక్కన కూలబడింది.

"ఇన్నేండ్లల్ల నా పని గురించి ఒక్కపారి గూడ అడగలేదు బాపూ. నీకు ఇష్టం లేదనుకున్న. అందుకే నేను గూడ చెప్పలే."

బీరన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఇష్టం లేక గాదు బిడ్డా. అడిగితే, మా బాపుకు ఏం తెల్వదని నువ్వు అనుకుంటవని సిగ్గైంది."

కరుణకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకరి మనసు ఒకరు తప్పుగా చదువుకున్నారు. బీరన్న ఆమె తల నిమిరాడు. తర్వాత ఆయన చూపు మెల్లగా పియానో అడుగుకు పోయింది.

"గట్లయితే జర చెప్పు బిడ్డా. కాళ్ల కాడ గా మూడు ఇత్తడి పలకలు ఎందుకు?"