ఎదుటి పీట

చోటే సాహెబ్ పోయి ఒక వానాకాలం గడిచింది. చిల్లకూరులో ఆ ఇంటి వసారాలో రెండు పీటలు మాత్రం ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి. ఒకటి ఆయనది, ఒకటి ఆయన భార్య నాగూర్‌బీది.

ఉన్నిని వేడినీళ్లతో తడిపి, పిసికి, తల ఆకారంలో చెక్కిన మొద్దు మీద సాగదీసి టోపీ చెయ్యడం ఆయన పని. ఆరినాక ఎర్రగా కాల్చిన ఊచతో దాని చుట్టూ బొమ్మలు వాతలెయ్యడం ఆమె పని. గూడూరు అభ్రకం గనుల్లో దొరలు ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ ఊపిరి సలపలేదు. దొరలు పోయినాక మిల్లుల వాళ్లూ మోతుబరులూ అడపాదడపా వచ్చేవాళ్లు. ఇప్పుడు పెట్టెలో ఆయన చేసిపెట్టిన టోపీలు రెండే మిగిలాయి, వాత పడకుండా.

నాయుడుపేట నుంచి అన్న షావలి కబురు పెట్టినాడు. శుక్రవారం బండి తెస్తాడట, సామాను కట్టుకోమన్నాడు. అన్న పంచన ఉండడమంటే ఎట్లుంటుందో వదిన మొహంలోనే రాసి ఉంటుంది. అదే వారం, చుట్టూ కొంగల వరస ఉన్న టోపీ కావాలని మిల్లు పద్మనాభయ్య అడిగినాడు. ఇది కుదిరితే, పని నడుస్తుందని చెప్పి అన్నను వెనక్కి పంపొచ్చు. ఉన్ని పిసకడం ఆయన పక్కన ఉండి చూసిందే, మెల్లగా చేతికొస్తుంది.

నాగూర్‌బీ ఒక టోపీని మొద్దుకు తొడిగి, ఒళ్లో పెట్టుకుని ఎర్రటి ఊచ ఆనించింది. వెంట్రుకలు కాలినట్టు వాసన లేచింది. ఆ వాసనకు ఆయన తుమ్మి, "ఎవరి జుట్టు కాలుస్తున్నావే?" అనేవాడు. ఊచ వెంట ఊచ మారుస్తూ వరస పూర్తి చేసింది.

ఎవరి టోపీ అయినా మొదట ఆయన తల మీద చూసుకోవడం అలవాటు. చేపల గంపతో వీధిన పోతున్న పేరమ్మను పిలిచింది.

"అక్కా, ఒకసారి నెత్తిన పెట్టుకో."

"నా నెత్తినా? పద్మనాభయ్య వెనక పిల్లులు పడతాయే!" అంటూనే పేరమ్మ టోపీ పెట్టుకుని నడుం మీద చెయ్యి వేసింది. "దొర ఎట్లుండాడు?"

నాగూర్‌బీ నవ్వబోయి ఆగిపోయింది. కొంగలన్నీ కాళ్లు ఆకాశానికి ఎత్తి ఉన్నాయి.

ఆయన ఎదుటి పీట మీద కూర్చుని, మొద్దును తన ఒళ్లో పెట్టుకుని, టోపీ నెత్తిని ఆమె వైపుకు వంచేవాడు. కొంగ తల తన దగ్గరికీ, కాళ్లు ఆయన వైపుకీ గీయడం ఆమె చేతికి అలవాటు. ఈరోజు మొద్దు తన ఒళ్లో ఉండి, టోపీ నెత్తి అవతలికీ అంచు తన వైపుకీ ఉన్నా, చెయ్యి మాత్రం ఆయన ఎదురుగా ఉన్నట్టే గీసింది. కాలిన ఉన్ని మళ్లీ మామూలు కాదు.

పద్మనాభయ్య టోపీ తిప్పి తిప్పి చూసినాడు. "కొంగలు చచ్చి తేలినట్టుండాయి కదమ్మా."

"ఇంకోటి ఉండాది. ఆదివారానికి ఇస్తా."

"అది కూడా ఇట్లే చేస్తే?"

ఆమె పెట్టెలోంచి వాత పడని రెండో టోపీ తీసి చూపించింది. పద్మనాభయ్య సరేనని తల ఊపి వెళ్లినాడు.

పేరమ్మను ఎదుటి పీట మీద కూర్చుని మొద్దు పట్టుకోమని అడిగింది. "గంప ఖాళీ కాకుంటే పొయ్యి వెలగదు చెల్లీ" అంది పేరమ్మ. అదీ నిజమే.

శుక్రవారం బండి వచ్చింది.

"ఆదివారం దాకా ఆగు అన్నా."

"ఆదివారానికి ఏం మారతాది?" షావలి వసారాలోకి చూసినాడు. "ఒక్కదానివే ఎవరితో చేస్తావు?"

"చేసి చూపిస్తా. కాకపోతే నేనే వస్తాలే."

అన్న గొణుక్కుంటూ ఎద్దులను తిప్పుకున్నాడు.

బండి మలుపు తిరిగినాక ఆమె రెండో టోపీ తొడిగిన మొద్దును ఎదుటి పీట మీద పెట్టి, నెత్తి తన వైపుకు వంచి, కొబ్బరి తాడుతో గట్టిగా కట్టింది. కుంపట్లో ఊచ ఎర్రబడింది. మొదటి కొంగ తల తన దగ్గరికి, కాళ్లు దూరంగా. లేచి పీట చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి చూసింది. కొంగ నిటారుగా నిలబడి ఉంది.

మళ్లీ తన చోట కూర్చుంది. కాలిన వాసన వసారా అంతా నిండింది. ఊచ చేతిలో పట్టుకుని, తుమ్ము వినబడుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండో కొంగ మొదలుపెట్టింది.