కొండ దాచుకున్న మాట

శనివారం ప్రార్థన అయ్యాక యూదుల ప్రార్థనాలయం సినగాగ్ వెనక గదిలో హెర్రింగ్ చేపముక్కలు వడ్డించేది బ్లూమాయే. అందరి పళ్ళేల్లోనూ ఉల్లిపాయ ఉంటుంది, సాండర్ పళ్ళెంలో తప్ప. తింటే గుండెల్లో మంట అని అతను ఎప్పుడో కుర్రతనంలో ఒక్కసారి చెప్పాడు.

"శబ్బత్ షాలోమ్, బ్లూమా."

"శబ్బత్ షాలోమ్, సాండర్."

న్యూయార్క్ దగ్గరి క్యాట్‌స్కిల్ కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో వాళ్ళ ముచ్చట ఇన్నేళ్ళూ అంతకు మించి పెరగలేదు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఇద్దరికీ పెళ్ళి కాలేదు.

నిన్న మాత్రం సాండర్ పళ్ళెం అందుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. "మంగళవారం వెళ్ళిపోతున్నా. ఇక అరిజోనాలో తమ్ముడి దగ్గరే. ఇక్కడి చలికి మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి."

"మంచిది," అంది బ్లూమా. ఇంటికొచ్చి వంటింటి తలుపేసుకుని ఏడ్చింది.

ఈరోజు ఆమె చెల్లెలు గిటెల్ కూతురు తలియా పెళ్ళి, కొండ కింద పచ్చికలో. అక్టోబరు ఎండకి మేపుల్ చెట్లు ఎర్రగా మండుతున్నాయి. చుట్టాలందరికీ కుర్చీలు కొండ కనపడేలా వేశారు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మాత్రం కొండకి వీపు పెట్టి నిలబడ్డారు. ఊరి పద్ధతే అది. ఆ పచ్చికలో కొండకేసి తిరిగి ఏం మాట్లాడినా కొండ పుచ్చేసుకుంటుంది, పక్కవాడికి కూడా వినపడనివ్వదు. తనకి బుద్ధి పుట్టినప్పుడు తిరిగిస్తుంది. పోయిన చలికాలం, ఏనాడో పోయిన రొట్టెల కొట్టు ముసలాయన కుక్కని పిలిచిన పిలుపు వినపడితే, ఆ కుక్క మనవరాలెవరో తోకూపుకుంటూ పరిగెత్తింది. పెళ్ళినాటి ప్రమాణాలు కొండపాలు కావడం ఎవరికిష్టం?

పందిరంటే నాలుగు బిర్చి కర్రలకి కట్టిన తాతగారి ప్రార్థన శాలువా. కర్రలు నేలలో పాతరు, అయినవాళ్ళు నలుగురు తలో కర్రా పట్టుకుంటారు, చివర్లో పెళ్ళికొడుకు కాలితో తొక్కి గ్లాసు పగలగొట్టేదాకా వదలకూడదు. తలియా ఒక కర్ర పెద్దమ్మకిచ్చింది. ఇంకోటి తనకి మంచు మీద స్కేటింగ్ నేర్పిన సాండర్‌కిచ్చింది. బ్లూమా కొండవైపు మూల, వీపు కొండకి పెట్టి నిలబడింది. సాండర్ ఆమెకెదురు మూల, చుట్టాల వైపున, కొండకేసి చూస్తూ నిలబడ్డాడు. కర్ర పట్టుకున్న అతని చేతుల్ని చూస్తూ, మంగళవారం తర్వాత ఈ చేతులు కనపడవు కదా అనుకుంది.

పెళ్ళి జరిపించే రబ్బీ కూడా కొండకి వీపు పెట్టే ఏడు దీవెనలూ ముగించాడు. గ్లాసుని రుమాల్లో చుట్టి పెళ్ళికొడుకు కాలి దగ్గర పెట్టాడు.

అప్పుడు కొండ మాట్లాడింది.

"బ్లూమా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

కుర్ర గొంతు, బ్రూక్లిన్ యాస. దాని వెనకాల గిటెల్ పెళ్ళిలో వాయించిన క్లారినెట్. ఆ రోజు ఇదే పచ్చికలో, ఒకే బల్ల మీద బ్లూమా పక్కన కూర్చున్నాడు సాండర్. బ్రూక్లిన్ నుంచి వచ్చాడు, ఊరికి కొత్త. ఆమె మొహం చూసి అడిగే ధైర్యం లేక కొండని చూస్తూ అడిగాడు. ఆమెకేమీ వినపడలేదు, లేచి గిన్నెలు తీయడానికి వెళ్ళిపోయింది. కొండ సంగతి తర్వాత తెలిసినా, తన మాట మింగింది కొండో బ్లూమాయో తేల్చుకోవడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

పెళ్ళికొడుకు కాలెత్తి ఆగిపోయాడు. "రబ్బీగారూ, తొక్కనా, ఆగనా?"

"ఆగు," అన్నాడు రబ్బీ.

బ్లూమా సాండర్ మీద విరుచుకుపడింది. "కొండనడిగావా! పక్కనే కూర్చున్నాను కదయ్యా! ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళూ నీ ఉల్లిపాయలు ఏరాను!"

సాండర్ పెదాలు కదిలాయి. మాట మాత్రం ఎవరికీ వినపడలేదు.

"ఓరి దేవుడా, మళ్ళీ కొండకే మేత వేస్తున్నాడు!" గిటెల్ కొండకి వీపు తిప్పి కేకేసింది. "ఇవతలికి రా సాండర్! కర్ర వదలకు!"

సాండర్ కర్రతోనే కదిలాడు. మోకాళ్ళు కీచుమంటుండగా పందిరి చుట్టూ నడిచొచ్చాడు. శాలువా మెలిపడి వధూవరుల నెత్తిన కూలింది.

"పర్వాలేదు పెద్దమ్మా, కానీయండి," శాలువా లోపల్నించి తలియా నవ్వింది.

అతను బ్లూమా పక్కన, కొండకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆమె మొహంలోకి చూసి మళ్ళీ అడిగాడు. ఇప్పుడది ముసలి గొంతు. ఆ కుర్ర గొంతు తన పక్కనే ఉండి ముసలిదవ్వాల్సిన ఏళ్ళన్నీ బ్లూమా ఒక్కసారి తలుచుకుంది.

"చేసుకుంటాను," అంది.

గ్లాసు పగిలింది. జనమంతా లేచి కొండకేసి "మాజెల్ తోవ్!" అని దీవిస్తూ అరిచారు. ఆ సంబరమంతా ముందెప్పుడో జరగబోయే ఎవరి పెళ్ళికోసమో కొండ లోపలికి తీసేసుకుంది, పచ్చిక మీద బ్లూమా మాట ఒక్కటే మిగిలింది.

మంగళవారం అరిజోనా విమానం ఒక ఖాళీ సీటుతో వెళ్ళింది.