ఏడో నంబరు సీసా

సీసాలక్క దూదిని ఉండగా చుట్టి పదకొండో సీసా మూతికి బిగించింది. లోపల ఆవగింజంత ఈగలు పిండిజావ మీద వాలుతూ లేస్తూ ఉన్నాయి. కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా వాటికి తిండి పెట్టేదీ, సీసాలు కడిగేదీ ఆవిడే. ఈ సాయంత్రంతో ఉద్యోగం సరి.

"అక్కా, ఏడో నంబరు కనబడట్లేదు," అంది రెండో సంవత్సరం పిల్ల, బిక్కమొహం పెట్టి. "ఒకటో నంబరేమో రెండున్నాయి."

డిగ్రీ పిల్లల్లో ఒక్కరికే తన పరిశోధనలో చోటిస్తారు ల్యాబు నడిపే మేడం. ఈసారి ఈ పిల్లకి దక్కింది. ఇవాళ ఏ సీసాలో ఎన్ని ఈగలో సరిగ్గా అప్పజెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. చూడబోతే ఒకటో నంబరున్న రెండు సీసాల్లోనూ ఎర్రకళ్ల ఈగలే. వాటి తల్లిదండ్రులే వేరు, అది కంటితో చూస్తే తెలియదు.

సీసాలక్క రెండు సీసాలనూ వెలుగుకేసి పట్టుకుంది. పాత చీటీలు తడిసి ఊడిపోతే సోమవారం తనే కొత్తవి రాసి అంటించింది. శుక్లం వచ్చిన కంటితో రాసిన ఏడూ ఒకటీ ఒకేలా నిలువుగీతల్లా ఉన్నాయి. రాసింది తనే, చదవలేనిదీ తనే. ఊరుకుంటే నింద పిల్ల మీద పడుతుంది. చెబుదామంటే ఏది ఏదో తనకే తెలియదు. వెళ్లిపోయే రోజున ఇదేం ఖర్మ అనుకుంది, అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

గాజు తగిలి బొటనవేలు చురుక్కుమంది. వేలికి ప్లాస్టరుంది. ఎప్పుడు తెగింది? సోమవారమే, ఏడో నంబరుకి చీటీ అంటించి దూది పెడుతుంటే. ఆవిడ రెండు మూతులూ మెల్లగా తడిమి చూసింది.

"ఇది ఏడు తల్లీ. మూతి పెచ్చూడింది. దీనికి దూది పెడుతూనే వేలు కోసుకున్నా."

"నిజంగానా అక్కా?"

"సీసా మాట నమ్ము. నా కంటి మాటొద్దు."

మేడం వచ్చాక, "చీటీ తప్పు నాది మేడం, పిల్లది కాదు," అంది. మేడం కళ్లద్దాల మీదుగా ఇద్దర్నీ చూసి, "సరే, లెక్కపెట్టు," అని పిల్లతో చెప్పి వెళ్లిపోయారు.

సాయంత్రం లెక్క అప్పజెప్పి వచ్చి ఆ పిల్ల అడిగింది. "రిపోర్టులో సాయం చేసినవాళ్ల పేర్లు రాయాలక్కా. మీ అసలు పేరేంటి?"

సీసాలక్క తికమకపడింది. హాజరు పుస్తకంలో ఒక పేరుంది, పుట్టింట్లో ఇంకొకటి. ఇక్కడ ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు.

"సీసాలక్క అనే రాయి," అని సంచీ భుజానికి తగిలించుకుంది. మెట్ల దగ్గరికి వెళ్లి, ఏదో మరిచినట్టు వెనక్కొచ్చి, మార్కరు తీసి చీటీ మీద చిన్న గీత గీసి వెళ్లింది.

అరలో పెచ్చూడిన సీసా ఉంది. దాని మీది ఏడుకి ఇప్పుడు నడుముకడ్డంగా ఒక నల్లటి గీత.